‘నైన్త్ హౌస్’ వంద పేజీల దగ్గర ఆగిపోయినవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. లీ బార్డూగో రాసిన ‘నైన్త్ హౌస్’ మొదలుపెట్టి వంద పేజీలు దాటారు. పేర్లు గుర్తుండటం లేదు. కథ ముందుకీ వెనక్కీ దూకుతోంది. హత్య కేసు ఇంకా ఊపందుకోలేదు. మొదటి అధ్యాయంలోనే మనిషి పొట్ట కోసే సీను చదివి కడుపులో తిప్పింది. డార్క్ అకాడెమియా అంటే పాత లైబ్రరీలు, పొడుగు కోట్లు, దీపం వెలుగులో కవిత్వం అనుకుని కొన్నారు. ఇప్పుడు కొనసాగించాలా, పక్కన పెట్టేయాలా? కొనసాగిస్తే ఎలా చదవాలి?

కొనసాగించమనే నా సలహా. ఈ తరహా నవలలు చాలాకాలంగా చదువుతున్నాను, మా రీడింగ్ గ్రూపులో కొత్తవాళ్ల చేత చదివిస్తున్నాను కూడా. ఈ నవలను వదిలేసేవాళ్లు దాదాపు అందరూ మీరున్న చోటే వదిలేస్తారు. కారణం కూడా అదే: హంతకుడెవరన్న ఒక్క ప్రశ్న పట్టుకుని చదువుతారు, అది ఎంతకీ కదలదు, విసుగొస్తుంది. దాని పక్కన ఇంకో ప్రశ్న పెట్టుకోండి. ఈ యూనివర్సిటీ వైభవానికి అయ్యే ఖర్చు ఎవరి ఒంటి మీద నుంచి వసూలవుతోంది? ఆ ప్రశ్నతో చూస్తే మీకు అనవసరం అనిపించిన పేజీల్లో సగం కేసు పేపర్లలా కనిపిస్తాయి.

మీకు వెగటు పుట్టించిన ఆ మొదటి సీనే తీసుకోండి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం, శీతకాలం. స్కల్ అండ్ బోన్స్ అనే రహస్య సొసైటీ భవనంలో బల్ల మీద మత్తులో ఉన్న మనిషి. అతని పొట్ట తెరిచి, పేగులు చూసి జోస్యం చెబుతున్నారు. ఏం జోస్యం? రేపు షేర్ మార్కెట్‌లో ఏది లేస్తుంది, ఏది పడుతుంది అని. ఆ మనిషి మానసిక రోగి. తనకేం జరుగుతోందో తెలియదు, పని అయ్యాక కుట్లు వేసి వెనక్కి పంపేస్తారు. గది అంచున మన కథానాయిక అలెక్స్ స్టెర్న్ నిలబడి, రక్తం వాసనకు మూగే దెయ్యాలు గీత దాటకుండా చూస్తూ ఉంటుంది. అది ఆమె డ్యూటీ. గదిలో అందరూ అంకెలు చూస్తున్నారు, బల్ల మీద ఉన్నవాడి గురించి ఆలోచించేది ఆమె ఒక్కతే. నవల మొత్తం ఈ గదిలోనే ఉంది. భయపెట్టడానికి పెట్టిన సీను అనుకుని దాటేయకండి. ఒకసారి వెనక్కి వెళ్లి, రక్తం మీద కాకుండా ఎవరు ఎటు చూస్తున్నారన్న దాని మీద దృష్టి పెట్టి చదవండి.

ఇక గందరగోళం సంగతి. కాలం రెండు దారుల్లో నడుస్తుంది. అధ్యాయం పైన ‘వింటర్’ అని ఉంటే అది ఇప్పటి కథ, హత్య విచారణ. ‘లాస్ట్ ఫాల్’ అని ఉంటే అంతకు కొన్ని నెలల ముందు, అలెక్స్ అక్కడికి కొత్తగా వచ్చిన రోజులు. ఆ శీర్షికను కళ్లు దాటేస్తాయి, అందుకే తికమక. ఇంకో సులువైన గుర్తు: డార్లింగ్టన్ అనే కుర్రాడు మనిషిగా ఎదురుగా ఉంటే అది పాత కథ, అతను లేకపోతే ఇప్పటి కథ. స్పెయిన్ వెళ్లాడని అందరికీ చెబుతుంటారు. అసలు ఏమయ్యాడన్నది రెండో మిస్టరీ, నన్నడిగితే హత్య కంటే అదే బలమైనది. ముందున్న చిన్న ప్రోలాగ్ ఈ రెండింటి తర్వాత జరిగేది. అది ఇప్పుడు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, చివర్లో తనంతట తనే అతుక్కుంటుంది.

పేర్ల విషయానికొస్తే, ఎనిమిది సొసైటీలు, ఒక్కోదానికి ఒక్కో విద్య. అన్నీ గుర్తుపెట్టుకోవాలని టెన్షన్ పడకండి. స్కల్ అండ్ బోన్స్ పేగుల జోస్యం, బుక్ అండ్ స్నేక్ మృతులతో వ్యవహారం, స్క్రోల్ అండ్ కీ ఒక చోటు నుంచి ఇంకో చోటికి తలుపులు తెరవడం, మాన్యుస్క్రిప్ట్ అద్దాలు, భ్రమలు. ఈ నాలుగూ చాలు. ఉల్ఫ్స్ హెడ్ వాళ్లు జంతు రూపం ఎత్తుతారని తెలిస్తే మరీ మంచిది. మిగతా మూడూ వచ్చినప్పుడు చూసుకోవచ్చు. పుస్తకం చివర ఈ సొసైటీల పట్టిక ఉంది, ముందు మ్యాప్ ఉంది. చాలామంది పుస్తకం అయిపోయాక ఆ పట్టిక చూసి అయ్యో అనుకుంటారు. ఇప్పుడే అక్కడ ఒక కాగితం పెట్టుకోండి. తొమ్మిదోది లీథీ, అంటే అలెక్స్ పనిచేసే ఇల్లు. మిగతా ఎనిమిదీ హద్దు మీరకుండా చూడటం దాని బాధ్యత. అక్కడ పెద్దవాడిని వర్జిల్ అనీ, నేర్చుకునేవాడిని డాంటే అనీ పిలుస్తారు. ఇటాలియన్ కవి డాంటే కావ్యంలో ఆయనకు నరకం చూపిస్తూ దారి నడిపించేది వర్జిల్ కదా, ఆ వరస. మన నవలలో వర్జిల్ మాయమయ్యాడు, డాంటే ఒంటరిగా మిగిలింది. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలా సంభాషణలు వెంటనే అర్థమవుతాయి.

ఇక్కడొక సంగతి చాలామంది పట్టించుకోరు: ఈ సొసైటీల పేర్లు కల్పితం కావు. స్కల్ అండ్ బోన్స్ 1832లో పుట్టింది, నేటికీ ఉంది. కిటికీలు కనిపించని ఆ రాతి భవనాలను నిజంగానే ‘టూంబ్’లు, అంటే సమాధులు అంటారు. 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు పోటీ చేసిన జార్జ్ డబ్ల్యూ బుష్, జాన్ కెర్రీ ఇద్దరూ ఆ సొసైటీ సభ్యులే. యేల్‌లో డిగ్రీ స్థాయిలో ఆడపిల్లలను చేర్చుకున్నది 1969లో. స్కల్ అండ్ బోన్స్ లోపలికి రావడానికి వాళ్లకు ఇంకో రెండు దశాబ్దాలు పైనే పట్టింది. రచయిత్రి స్వయంగా యేల్‌లో చదివారు, ఉల్ఫ్స్ హెడ్ సభ్యురాలు కూడా. మంత్రాలు కల్పన. ఎవరు ఎవరికి ఉద్యోగం ఇప్పిస్తారు, ఎవరి తప్పు ఎవరు కప్పేస్తారు అన్నది మాత్రం దగ్గర నుంచి చూసినవాళ్ల రాత. ఆ పొందిక చదువుతుంటే తెలుస్తుంది.

భవనాలు కూడా అంతే. ఆ కోసుగా పైకి లేచిన గోపురాలు, రంగు గాజు కిటికీలు మధ్యయుగాల నాటివి అనిపిస్తాయి. కానీ హార్క్‌నెస్ టవర్ పూర్తయింది 1921లో, స్టెర్లింగ్ లైబ్రరీ తలుపులు తెరిచింది 1930ల మొదట్లో. పెద్ద చర్చిలా కట్టిన ఆ లైబ్రరీలో, చర్చిలో బలిపీఠం ఉండాల్సిన చోట పుస్తకాలు ఇచ్చే డెస్క్ ఉంటుంది. కొత్త కట్టడాలు శతాబ్దాల నాటివిగా కనబడాలని రాళ్లకు, గాజుకు కావాలని వయసు తెప్పించారని అక్కడ చెబుతారు. దగ్గర్లోనే గ్రోవ్ స్ట్రీట్ శ్మశానం. దాని ఈజిప్టు తరహా గేటు మీద బైబిల్ మాట చెక్కి ఉంది: మృతులు లేపబడుదురు. పాత కట్టడాలు, దెయ్యాల భయం చుట్టూ తిరిగే గోథిక్ నవల రాసేవారికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

నిజానికి గోథిక్ కథ మొదటి నుంచీ ఇదే. 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ నుంచి ఈ ధోరణి మొదలైందంటారు. అందులో కోటను పట్టుకుని కూర్చున్నవాడి తాత, అసలు యజమానికి విషం పెట్టి దాన్ని కాజేశాడు. దెయ్యాలు, కదిలే బొమ్మలు అన్నీ ఆ పాత నేరం చుట్టూ తిరుగుతాయి. పాత ఇల్లు, దానికింద పాత పాపం, దాని ఫలం అనుభవిస్తున్న వారసులు. కోట స్థానంలో యూనివర్సిటీ పెట్టండి, డార్క్ అకాడెమియా వస్తుంది. 1992లో వచ్చిన డోనా టార్ట్ ‘ది సీక్రెట్ హిస్టరీ’ ఈ ధోరణికి పెద్ద దిక్కు. అందులో ఎవరు చనిపోయారో, ఎవరు చంపారో మొదట్లోనే చెప్పేస్తారు. అయినా చివరిదాకా చదివిస్తుంది. ఈ తరహా పుస్తకంలో ‘ఎవరు’ కంటే ‘ఎలా సమర్థించుకున్నారు’ అన్నదానికి బరువెక్కువ.

మన దగ్గర 1980లలో వారపత్రికల్లో చేతబడి, క్షుద్రశక్తుల సీరియళ్లు చదివి పెరిగినవాళ్లకు ఇక్కడ ఒక తేడా తెలియాలి. వాటిలో చెడు బయటి నుంచి వచ్చేది: ఎక్కడో శ్మశానంలో కూర్చున్న మాంత్రికుడు పచ్చని సంసారం మీద ప్రయోగం చేసేవాడు. వాడు పోతే ఇల్లు బాగుపడేది. ఇక్కడ ప్రయోగం చేసేది ఇల్లే. డీన్ గారు, ట్రస్టీలు, చందాలిచ్చే పూర్వ విద్యార్థులు, అందరూ మర్యాదస్తులు. మాంత్రికుడు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూస్తూ కూర్చుంటే మాత్రం వంద పేజీల దగ్గర ఆగిపోవాల్సిందే.

ఇప్పుడు మనకు సంబంధించిన ఒక ముక్క. నవల దీని మీద నడవదు, నేను మాత్రం దీన్ని పక్కన పెట్టుకునే చదువుతాను. ఆ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన ఎలీహు యేల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1672లో మద్రాసు వచ్చాడు, 1687 నుంచి 1692 వరకు సెయింట్ జార్జ్ కోటకు గవర్నరు. సొంత వ్యాపారంతో విపరీతంగా సంపాదించాడు, అవినీతి ఆరోపణల మీద పదవి పోయింది. కాశీ వీరన్న, బేరి తిమ్మన్న లాంటి తెలుగు వర్తకులు కంపెనీకి సరుకు సరఫరా చేసిన కాలానికి కొనసాగింపే ఆ మద్రాసు. ఆ రోజుల్లో అక్కడి రేవు నుంచి మనుషులను కూడా బానిసలుగా ఎగుమతి చేశారు, యేల్ కూర్చున్న కౌన్సిలే అందుకు ఉత్తర్వులిచ్చింది. ఇంగ్లండు తిరిగి వెళ్లాక, 1718లో ఒక చిన్న అమెరికన్ కాలేజీకి తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, ఒకటవ జార్జ్ రాజు చిత్రపటం పంపాడు. మస్లిన్, కాలికో లాంటి బట్టలున్న ఆ సరుకు అమ్మితే సుమారు 562 పౌండ్లు వచ్చాయి. కాలేజీ ఆయన పేరు పెట్టుకుంది.

ఆయన చిత్రం ఒకటి యేల్ వాళ్ల బ్రిటిష్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. ఫొటో దొరికితే ఒకసారి చూడండి. బల్ల చుట్టూ ఖరీదైన కోట్లు వేసుకున్న పెద్దమనుషులు, వైను, పొగాకు గొట్టాలు. పక్కన ఒక నల్లజాతి పిల్లవాడు, పదేళ్లుంటాయేమో, సేవకు నిలబడి ఉంటాడు. మెడలో తాళం వేసిన లోహపు పట్టీ. ఆ పిల్లవాడి పేరేమిటో ఎవరికీ తెలియదు. 2020లో ఆ చిత్రాన్ని గోడ మీద నుంచి తీసి, పరిశోధించి, 2022లో మళ్లీ పెట్టారు. 2024 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయం బానిసత్వంతో తనకున్న సంబంధానికి అధికారికంగా క్షమాపణ చెప్పింది. ఇది చూశాక నవల మొదటి అధ్యాయంలోని బల్ల దగ్గరికి వెళ్లండి. రచయిత్రి గాల్లోంచి ఏమీ తేలేదని మీకే అనిపిస్తుంది.

దెయ్యాల గురించి రెండు మాటలు, ఎందుకంటే కేసు తేలడానికి ఆ నియమాలు అవసరం. నవలలో వాటిని ‘గ్రే’లంటారు. వాటికి జీవితం మీద మమకారం చావదు. రక్తం, చక్కెర, చెమట, గొడవ, నవ్వు, ఇలాంటివి ఉన్న చోటికి వస్తాయి. లీథీలో మిగతావాళ్లు విషంలాంటి కషాయం తాగితే తప్ప వాటిని చూడలేరు, అది ఒంటిని గుల్ల చేస్తుంది. అలెక్స్‌కు చిన్నప్పటి నుంచి ఊరికే కనిపిస్తాయి. లాస్ ఏంజెలస్‌లో బడి మానేసి, డ్రగ్స్ మధ్య తిరిగి, ఒక సామూహిక హత్యలో ఒక్కతే బతికి బయటపడ్డ అమ్మాయికి యేల్‌లో ఉచిత సీటు వచ్చింది అందుకే. ఆమెకిచ్చింది విద్యాదానం అని వాళ్లు అనుకుంటారు. ఆమె కళ్లను అద్దెకు తీసుకున్నారని మీరు గమనించాలి.

గ్రేలను తరిమే ఉపాయం నాకు భలే నచ్చింది. చావును గుర్తుచేసే మాట వింటే అవి పారిపోతాయి. అందుకే లీథీ వాళ్లు లాటిన్ వాక్యాలు, పద్యపాదాలు బట్టీపడతారు. అలెక్స్‌కు తన అమ్మమ్మ నోట విన్న లాదీనో సామెత పనికొస్తుంది. స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన యూదుల భాష అది. ఆ ఘట్టం చదివినప్పుడు ‘జాతస్య హి ధ్రువో మృత్యుః’ అని ఘంటసాల గొంతు నా చెవిలో మోగింది. పెద్ద చదువుల లాటిన్‌కు, ముసలావిడ వంటింటి మాటకు దెయ్యం దగ్గర ఒకే విలువ ఉండటం రచయిత్రి కావాలని చేసిన పని.

మిస్టరీగా ఎలా ఉంటుందంటే, న్యాయంగా ఉంటుంది. చనిపోయిన తార హచిన్స్ విద్యార్థిని కాదు, ఆ ఊరి పిల్ల. కాబట్టి డీన్‌తో సహా అందరూ ‘మనకెందుకు, పోలీసులు చూసుకుంటారు’ అంటారు. ఎవరు ఆ మాట ఎంత త్వరగా అంటున్నారో చూస్తూ ఉండండి. తార జీవితంలో ఏయే సొసైటీ జాడలు కనబడుతున్నాయో మార్జిన్‌లో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఇంకొకటి: ఈ సొసైటీల భవనాలు ఆ ఊళ్లో అక్కడక్కడే ఎందుకున్నాయి, మంత్రశక్తి ఆ చోట్లలోనే ఎందుకు పోగుపడింది? ఆ వివరణ మొదట్లో ఏదో నేపథ్యంలా వస్తుంది. అక్కడ ఒక మడత పెట్టుకోండి, ఇంతకంటే చెబితే మీ ఆనందం చెడగొట్టినట్టే. లోపం కూడా చెప్పాలి: చివరి భాగంలో ఒకదాని మీద ఒకటి గుట్టు రట్టవుతూ పోతుంది, ఊపిరి తీసుకోనివ్వదు. ఆఖరి ఎనభై పేజీలు రాత్రి నిద్ర ముంచుకొస్తుంటే చదవకండి.

పాత్రల్లో డార్లింగ్టన్ గురించి ఒక్క మాట. శిథిలమైన పెద్దింట్లో తాత దగ్గర పెరిగిన కుర్రాడు, ఆ రాళ్లనూ పుస్తకాలనూ మంత్రాలనూ మనసారా ప్రేమిస్తాడు. మీరు డార్క్ అకాడెమియా కోసం వెతికింది అతని అధ్యాయాల్లో ఉంది. అతను మంచివాడే. అయినా ఆ అందం చూస్తూ అతని కంటికి ఆననివి అలెక్స్ కంటికి వెంటనే ఆనుతాయి. వాళ్లిద్దరి అధ్యాయాలను పక్కపక్కన పెట్టి, ఒకే గదిని ఇద్దరూ ఎలా వర్ణిస్తున్నారో చూడండి. పీహెచ్‌డీ రాసుకుంటూ అందరికీ వంట చేసి పెట్టే డాస్‌ను చిన్న పాత్ర అనుకోకండి. డిటెక్టివ్ టర్నర్ విసుగు ముఖం వెనక ఉన్న నిజాయితీని కూడా వదలకండి.

ముందుగా హెచ్చరించాల్సినవి కూడా ఉన్నాయి. బార్డూగో అంతకు ముందు నవలలు టీనేజర్ల కోసం. 2019లో వచ్చిన ఇది పెద్దల కోసం రాసిన మొదటి నవల. చిన్నపిల్ల మీద లైంగిక దాడి ఉంది, అది అలెక్స్ బాల్యం గుర్తుచేసుకునే చోట వస్తుంది. మందు పెట్టి ఒక అమ్మాయిని వాడుకోవడం, దాన్ని ఫోన్లో తీయడం ఉంది, దానికి అలెక్స్ తీర్చుకునే ప్రతీకారం కూడా చాలా జుగుప్సగా ఉంటుంది. డ్రగ్స్ ఓవర్‌డోస్ ఉంది. ఇవి తట్టుకోలేని పరిస్థితిలో ఉంటే ఆ పేజీలు తిప్పేయండి, కథ తెగదు. ఇంట్లో పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు మంత్రాల బడి కథలు చదువుతున్నారు కదా అని ఇది వాళ్ల చేతికి ఇవ్వకండి.

ఇంగ్లీషు కష్టంగా ఉందన్నారు. ప్రతి మాటకూ డిక్షనరీ తీస్తే గోథిక్ నవల చచ్చిపోతుంది, దాని ప్రాణం వాతావరణంలో ఉంటుంది. లాటిన్ ముక్కలు, మంత్రాల పేర్లు అర్థం కాకపోతే వదిలేయండి, అలెక్స్‌కే సగం అర్థం కావు. అధ్యాయాల మొదట ‘లీథీ’ రికార్డుల నుంచి తీసినట్టు ఇచ్చే చిన్న పేరాలు మాత్రం మెల్లగా చదవండి. ఎవరు ఎవరిని కాపాడుతున్నారో వాటిలోనే ముందుగా తెలుస్తుంది. చదవడం మరీ భారమైతే ఆడియో వినండి. అందులో అలెక్స్ అధ్యాయాలకు ఒక గొంతు, డార్లింగ్టన్ అధ్యాయాలకు వేరే గొంతు ఉంటాయి కాబట్టి కాలం తికమక చాలావరకు తీరిపోతుంది. పగలు వింటూ, అదే భాగం రాత్రి పుస్తకంలో చూసుకునే పద్ధతి మా గ్రూపులో చాలామందికి పనిచేసింది.

రెండో భాగం ‘హెల్ బెంట్’ 2023 జనవరిలో వచ్చింది. మొదటిది పూర్తికాగానే దాంట్లోకి దూకాలనిపిస్తుంది, ఎందుకంటే డార్లింగ్టన్ సంగతి సగంలో ఆగుతుంది. నా మాట విని మధ్యలో ఒక వారం ఆగి, ‘నైన్త్ హౌస్’ మొదటి అధ్యాయం ఇంకోసారి చదవండి. బల్ల మీద ఉన్న ఆ రోగి పేరు అక్కడ రాసి ఉంది. మొదటిసారి చదివినప్పుడు మీకు గుర్తుండి ఉండదు.